గడ్డం మీదికి దిగని చుక్కలు

ముందుగా నా సంగతి చెప్పుకోవాలి. నకిలీని పట్టడంలో హైదరాబాద్ మొత్తం మీద ఈ బాబురావును మించినవాడు లేడు. ముప్పై నాలుగేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేశాను. దొంగ పాస్ ఒక్కటంటే ఒక్కటి నా కన్ను దాటిపోలేదు. పాస్ చూడనక్కర్లేదు, పాస్ కోసం జేబులోకి వెళ్లే చెయ్యి చూస్తే చాలు. ఒకసారైతే కళ్లు మూసుకుని, పాస్ వాసన చూసి, "ఇది నీది గాదు, మీ పక్కింటోనిది" అన్నాను. ఆ కుర్రవాడు నాకు దండం పెట్టి నడుస్తున్న బస్సులోంచే దిగిపోయాడు.

చదువంటారా, మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా. ఆ బడికి పైకప్పు సగమే ఉండేది. రెండో సగంలో వాన పాఠం చెప్పేది. అందుకే వానంటే నాకు ఈనాటికీ మక్కువ.

ఈ కథ నాది కాదు, మా మనవరాలు వీణది. సైదాబాద్‌లో నా కూతురు నీలమ్మ, ఆమె కూతురు వీణ, నేను ఒకే ఇంట్లో ఉంటాం. వీణకు ఇరవయ్యారేళ్లు. ఈ రోజుల్లో ఒక మనిషి మొహానికి వేరే మాటలు అతికించి, ఆ మనిషే మాట్లాడినట్టు కంప్యూటర్ చేత వీడియోలు చేయిస్తున్నారు కదా, అలాంటి వాటిని పట్టే ప్రోగ్రాం తయారుచేయడం దాని ఉద్యోగం.

"గదెట్ల పడతది బిడ్డా?" అని ఒకరోజు అడిగాను.

"నువ్వు దొంగ పాసులు ఎట్ల పట్టేటోనివి తాతా?"

"మస్తు చూసిన గదా. చూడంగ చూడంగ తెలుస్తది."

"మా మోడల్ గూడ గంతే. వేల అసలు వీడియోలు, వేల నకిలీ వీడియోలు చూపిస్తం. ఇది అసలు, ఇది నకిలీ అని చెప్తం. చూడంగ చూడంగ దానికే తెలుస్తది."

అంటే మా పిల్ల ఒక కండక్టరును తయారుచేస్తోంది. ఈ మాట నేను ఎక్కడెక్కడ చెప్పుకోవాలో అక్కడంతా చెప్పుకున్నాను. చెప్పుకోకుండా ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ప్రతి గురువారం నేను పాతబస్తీకి వెళ్తాను. గాజుల గల్లీలో ముష్తాక్ భాయ్ లక్క గాజుల కార్ఖానా ఉంది. నా బస్సులో గాజుల డబ్బాలు వేసుకుని తిరిగిన రోజుల నుంచీ దోస్తీ. ముష్తాక్ భాయ్ బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి గాజు చుడతాడు. అతని భార్య బిల్కీస్ చిన్న చిన్న అద్దపు రాళ్లు అతికిస్తుంది; గల్లీ పిల్లలకు ఆమె ఖాలా, అంటే పిన్ని. వాళ్ల శిష్యుడు ప్రేమ్‌రాజ్ ఎనిమిదేళ్లుగా రెండు పనులూ చేస్తున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు, తల్లి పుష్పమ్మకు ఒక్కడే కొడుకు. నవ్వితే ఎడమ పెదవి ముందు కదులుతుంది, కుడిది తర్వాత వస్తుంది.

ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. పని పూర్తిగా వచ్చిన శిష్యుడికి ఉస్తాద్ సొంత కుంపటి ఇస్తాడు. దాని మీద చేసిన మొదటి జత అమ్మకూడదు. తన చేత్తో ఒకరికి తొడగాలి. నెలాఖరు శుక్రవారం ప్రేమ్‌రాజ్‌కు కుంపటి ఇస్తానని ముష్తాక్ భాయ్ మాటిచ్చాడు.

"ఎవలకు తొడుగుతవురా?" అని అడిగాను.

"మా అమ్మకే తాతా. ఇంకెవలున్నరు నాకు?"

అప్పుడు వచ్చిందా వీడియో.

అందులో ప్రేమ్‌రాజ్ కార్ఖానాలోనే కూర్చుని ఉన్నాడు. చేతిలో గాజు తిప్పుతూ, నవ్వుతూ చెబుతున్నాడు. "లక్క అంటే పేరుకే. లోపలంత ప్లాస్టిక్. పెండ్లి గాజులని అమ్ముతం, నెలకు పలుగుతయ్." గొంతు అతనిదే, చొక్కా అతనిదే. ముప్పై సెకన్లు, అంతే. రెండు రోజుల్లో పెళ్లివాళ్లు ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు, ఒక్క ముష్తాక్ భాయ్ దగ్గరే కాదు, గల్లీ మొత్తంలో.

ప్రేమ్‌రాజ్ కుంపటి ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఫోన్ పెట్టి, "అది నేను గాదు" అని ఒక వీడియో తీసి పంపాడు. ఎవరూ నమ్మలేదు. పట్టుబడ్డాక అందరూ అనే మాటే కదా అన్నారు.

ఆ గురువారం గాజుల సంఘం పెద్ద వైకుంఠం, మరో ఆరుగురు కార్ఖానాలో కూర్చుని ఉన్నారు. నేను చాయ్ గ్లాసు పట్టుకుని లేచి నిలబడ్డాను.

"లొల్లి ఎందుకు? మా వీణ మిషన్ల పెట్టుండ్రి. నిమిషంల తేలుస్తది."

వీణ దాన్ని నా ఫోన్‌లో వేసి ఇచ్చింది, అందులోనే పెట్టాం. మొదటి వీడియోకు "అసలు, డెబ్బై ఒక్క శాతం" అని వచ్చింది. ప్రేమ్‌రాజ్ తనంతట తాను తీసుకున్న రెండో వీడియోకు "నకిలీ, ఎనభై ఎనిమిది శాతం" అని వచ్చింది.

కుంపటిలో బొగ్గు చిటపటలాడింది.

"వచ్చే శుక్రవారం పొద్దుగాల పదింటికి సంఘం కూసుంటది," అన్నాడు వైకుంఠం. "అప్పటి దాంక తేలకపోతే ఈ పిల్లగాడు ఈ గల్లీల ఉండడు. ముష్తాక్ భాయ్, నువ్వు గూడ సమజ్ చేస్కో."

ముష్తాక్ భాయ్ శిష్యుడి మొహం చూడలేదు. ఇవ్వబోయే కొత్త కుంపటి మూలన ఉంది. దాని మీద గోనెపట్టా కప్పాడు.

మర్నాడు పొద్దున్నే మా తలుపు చప్పుడైంది. వీణ ఇంటి నుంచి పనిచేసే రోజు. గొలుసు తీయకుండానే తలుపు జానెడు తెరిచింది.

"మిషన్ చేసింది మీరేనా?"

"అవును. మీరెవరు?"

"నకిలీ."

"ఏంది?"

"ఎనభై ఎనిమిది శాతం నకిలీ. మీ మిషనే చెప్పింది. మిగిలిన పన్నెండు శాతం మీతోని మాట్లాడనీకె వచ్చింది."

వీణకు నవ్వు రాబోయింది. ఆపుకుంది. ఆఫీసు గొంతు తెచ్చుకుంది. "చూడండి, మా మోడల్ నూటికి తొంభై ఆరు సార్లు కరెక్ట్ చెప్తది."

"మిగిలిన నాలుగు?"

"అవి... ఎర్రర్."

"వాళ్లకు పేర్లుంటయా మీ దగ్గర? ఒక పేరు నేను చెప్తా, రాస్కోండి. ప్రేమ్‌రాజ్."

వీణ గొలుసు తీసింది. నేను చాయ్ పెట్టమని నీలమ్మకు సైగ చేశాను. ప్రేమ్‌రాజ్ గడప దాటకుండా అక్కడే నిలబడి, తలుపు పట్టుకున్న వీణ చేతివైపు చూశాడు.

"టూ ఫోర్," అన్నాడు.

"ఏంది టూ ఫోర్?"

"మీ గాజు సైజు. చెయ్యి చూస్తే చెప్తం. మాకు గూడ ఒక మిషన్ ఉంది, ఇక్కడ." కంటి మీద వేలు పెట్టుకున్నాడు.

"అది తప్పు చెప్పదా?"

"చెప్తది. చెప్తే గాజు పలుగుతది, చెయ్యి గీసుకుంటది, నా ముందటనే నెత్తురొస్తది. మల్ల గా తప్పు చెయ్యను. మీ మిషన్ తప్పు చెప్తే మీకెట్ల తెలుస్తది మేడం?"

చాయ్ వచ్చింది, చల్లారింది. తర్వాత వీణ లోపలికి వెళ్లి లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని వచ్చింది.

"పదండి. మీ కార్ఖానా చూపియ్యండి. మేడం అనకండి."

ఇద్దరూ రెండు బండ్ల మీద వెళ్లారు. వెనక ఆటోలో నేను. అలాంటి విషయాల్లో పెద్దవాళ్లు దగ్గరుండాలి.

కార్ఖానాలో వీణ మొదట చేసిన పని ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. కుంపటికి ఇవతల కూర్చుని, అవతల పని చేస్తున్న ప్రేమ్‌రాజ్‌ను గంటసేపు చూసింది. బొగ్గుల మీద గాలి వేడికి వణుకుతోంది. ఆ గాలి వెనక అతని మొహం నీళ్లలో నీడలా కదులుతోంది. చెంప అంచులు కరిగి మళ్లీ కుదురుకుంటున్నాయి. పైగా రాయి అతికించేటప్పుడు అతను రెప్ప వేయడు. వేస్తే రాయి పక్కకు పోతుంది.

"తాతా," అంది మెల్లగా, "నేను కండ్లార చూస్తున్న. అయినా నకిలీ లెక్కనే ఉన్నడు."

"ఏంది బిడ్డా గట్లంటవు?"

"అంచులు కదిలితే, రెప్ప కొట్టకపోతే, మా మోడల్ నకిలీ అంటది. గట్లనే నేర్పినం. దానికి చూపించిన మొహాలన్నీ ఏసీ గదుల్ల కూసున్నోళ్లవి. నిప్పు ముందట పనిచేసేటోన్ని అది ఒక్కసారి గూడ చూడలే."

"మరి ఆ దొంగ వీడియో?"

"అది ఫోన్ల నుంచి ఫోన్లకు తిరిగి తిరిగి అరిగిపోయింది. నకిలీ గుర్తులు ఏమన్న ఉంటే అవి గూడ అరిగినయ్. గందుకే అసలు అన్నది."

ప్రేమ్‌రాజ్ తల ఎత్తకుండానే అడిగాడు. "ఇప్పుడేం చేద్దాం?"

"అసలు వీడియో ఏమన్న ఉందా? వాళ్లు దేని మీద మాటలు అతికించిండ్రో అది."

"రోజుకు పది మంది కస్టమర్లు తీస్కపోతరు. ఎవలని అడగాలె?"

"అయితే నేర్పుదాం. నిప్పు ముందట మనిషి ఎట్లుంటడో మా మోడల్‌కు చూపిద్దాం. ఫికర్ చెయ్యకండి."

అలా మొదలైంది. రోజూ పొద్దున పది నుంచి వీణ కెమెరా పెట్టేది. ప్రేమ్‌రాజ్ గాజులు చేస్తూ మాట్లాడేవాడు. సాయంత్రం ఇంట్లో ఆ వీడియోను ఒక్కో బొమ్మగా విడదీసి, ఒక్కోదానికి గుర్తు రాసేది. రెప్ప వేశాడు, వేయలేదు. మొహం కదిలింది, గాలి కదిలింది. చూపు తిన్నగా ఉంది, తప్పింది. ప్రేమలో పడినవాళ్లు మనిషి మొహాన్ని చూస్తూ కూర్చుంటారని విన్నాను కానీ, నాలుగు వేల ఆరు వందల బొమ్మలుగా కోసుకుని చూడటం మా పిల్ల దగ్గరే చూశాను.

సోమవారం ప్రేమ్‌రాజ్ మాట్లాడటం మానేశాడు. ఏమడిగినా అవును, కాదు.

"ఏమైంది?" అంది వీణ.

"ఏం గాలే."

"ఎడమ పెదవి కదులుతలేదు. ఏమో అయింది."

అతను లాప్‌టాప్ వైపు చూపించాడు. తన వీడియో ఉన్న పెట్టె మీద "ఫేక్ రెండు" అని ఉంది. మొదటిరోజు మిషన్ చెప్పినదాన్ని బట్టి పెట్టిన పేరు, మార్చడం మరిచిపోయింది.

"మీ లెక్కల నేనింక ఫేకే గదా."

వీణ మొహం ఎర్రబడింది. కుంపటి వేడి వల్ల అని నన్ను నమ్మించబోయింది. "మరి ఏం పేరు పెట్టాలె?"

"నాకొక పేరుంది. మా అమ్మ పెట్టింది."

వీణ ఆ పేరు కొట్టింది. అప్పుడు ఎడమ పెదవి కదిలింది. కాసేపటికి కుడిది కూడా.

మంగళవారం వీణకు ఆఫీసులో మీటింగు, కెమెరా నేను పట్టాను. బుధవారం అసలు పరీక్ష నాకు ఎదురైంది. దొంగ వీడియో అరగని కాపీ ఒకటి దొరుకుతుందేమోనని, అది ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో వీణ వెతుకుతోంది. వెతుకుతూ వెతుకుతూ ఆగిపోయింది.

"తాతా. నువ్వు పంపినవా ఇది?"

కార్ఖానాలో అందరూ నావైపు చూశారు.

పంపాను. ఇప్పుడు చెప్పక తప్పదు. నకిలీని వాసనతో పట్టే నేను, ఆ వీడియో చూసిన క్షణంలో నమ్మేశాను. రిటైరైన కండక్టర్ల గ్రూపుకు, పొద్దున నడిచేవాళ్ల గ్రూపుకు, మా చుట్టాల గ్రూపుకు పంపి, కింద "లోకం ఎట్ల పాడైందో చూడుండ్రి" అని రాశాను కూడా. గురువారం లేచి నిలబడి మిషన్ సంగతి చెప్పింది కూడా అందుకే, నేను నమ్మింది నిజమని తేలుతుందనే ధీమాతో.

ప్రేమ్‌రాజ్‌కు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చేతిలోని గాజు కింద పెట్టాడు.

"తాతా, ఎనిమిదేండ్ల సంది ప్రతి గురువారం నన్ను చూస్తున్నవు. నా చాయ్‌ల సగం తాగినవు. ఫోన్ల నన్ను చూసింది ముప్పై సెకండ్లు. ఎనిమిదేండ్లది వదిలి ముప్పై సెకండ్లది నమ్మినవా?"

డెబ్బై ఒక్కేళ్లలో నాకు మాట దొరకని సందర్భాలు రెండే, మొదటిది నా పెళ్లి.

"తప్పయింది బిడ్డా," అన్నాను చివరికి.

"సరే. చాయ్ తాగు." నా వైపు గ్లాసు జరిపాడు. సగమే ఉంది అందులో.

గురువారం వచ్చింది. కొత్తగా నేర్చుకున్న మిషన్ ప్రేమ్‌రాజ్ వీడియోను చూసి "నకిలీ, నలభై ఒక్క శాతం" అంది. దొంగ వీడియోను చూసి "అసలు, అరవై" అంది. రెండూ ఇంచుమించు ఒకటే అయ్యాయి. వీణ తల పట్టుకుంది.

"ఇంక వెయ్యి మంది మొహాలు గావాలె. నెలలు పడతది. రేపటికి గాదు."

"నలభై ఒకటికి దిగిన గదా," అన్నాడు ప్రేమ్‌రాజ్. "వారంల గంత మంచోన్నైన. ఇంక రెండు వారాలుంటే మొత్తం అసలైతుంటి."

"నవ్వకు. రేపు నిన్ను పంపిస్తరు." వీణ "మీరు" నుంచి "నువ్వు"లోకి ఎప్పుడు దిగిందో నేను గమనించలేదు. దానికీ తెలియనట్టే ఉంది.

బిల్కీస్ ఆ పది రోజులూ దొంగ వీడియోను చూడనంది. చూస్తే గుండె మండుతుందని. ఆ రోజు మాత్రం కళ్లజోడు పెట్టుకుని వచ్చి వీణ పక్కన కూర్చుంది.

"చూపియ్ బేటీ. ఒక్కసారి చూస్తా."

ముప్పై సెకన్లు చూసింది. ఆమెకు కోపం వచ్చింది కానీ మాటల మీద కాదు.

"ప్రేమ్, ఆ చేతుల గాజు ఎవలు చేసిండ్రు?"

"నేనే ఖాలా."

"సగం రాళ్లు రాలినయ్. గిసొంటి గాజు పట్టుకొని కస్టమర్ ముందట కూసుంటవా? శరం లేదా?"

ప్రేమ్‌రాజ్ వంగి చూశాడు. "రాళ్లన్నీ ఉన్నయ్ ఖాలా. చూడు."

"ఉంటే చుక్కలేవి? నుదురు మీద ఉన్నయ్. మెడ మీద ఉన్నయ్. నడుమల ఏడ పోయినయ్?"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ కార్ఖానా కిటికీలోంచి పదింటికి ఎండ పడుతుంది. బిల్కీస్ ప్రతి గాజునూ ఆ ఎండలో తిప్పి చూస్తుంది. అద్దపు రాళ్ల మీద పడిన ఎండ ఎదురుగా ఉన్న గోడ మీదో, మనిషి మొహం మీదో చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆమె గాజును చూడదు, చుక్కలను చూస్తుంది. వరసలో చుక్క తప్పితే రాయి వదులైనట్టు. ముప్పై ఏళ్లుగా ఆమె తనిఖీ అదే.

వీణ వీడియోను ఆపి, ఒక్కో బొమ్మ కదిపింది. గాజు తిరుగుతోంది. చుక్కలు నుదుటి మీద నడుస్తున్నాయి. ముక్కు మీదికి దిగాయి. ముక్కు కింద లేవు. పెదవుల మీద లేవు, గడ్డం మీద లేవు. మళ్లీ మెడ మీద ఉన్నాయి, చొక్కా మీద ఉన్నాయి.

"నోరు, గడ్డం మాత్రమే కొత్తగ చేసి అతికించిండ్రు," అంది వీణ. "మాటలకు పెదవులు కలవాలె గదా. చుక్కలుంటయని వాళ్ల మిషన్‌కు తెల్వదు."

"మీ మిషన్‌కు?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"మా మిషన్‌కు గూడ తెల్వదు. ఖాలాకు తెలుసు."

బిల్కీస్‌కు ఇదంతా సగమే అర్థమైంది. "అంటే రాళ్లు రాలలేదా?" అంది. ఆమెకు కావలసింది అదే.

శుక్రవారం పదింటికి సంఘం కూర్చుంది. వీణ ఆఫీసు వాళ్లు ముందురోజే చెప్పారట, మన మిషన్ తప్పు చెప్పిందని బయట ఎక్కడా అనొద్దని. వీణ లేచి మొదటి మాటే అదే అంది.

"నా మిషన్ తప్పు చెప్పింది. నిప్పు ముందట కూసున్న మనిషిని దానికి నేను చూపించలే. తప్పు నాది. ఇయ్యాల మిషన్‌ను అడగొద్దు, మీ కండ్లను అడుగుండ్రి."

ప్రేమ్‌రాజ్‌ను కిటికీ ముందు కూర్చోబెట్టింది. గాజు వైకుంఠం చేతికిచ్చింది. ఆయన తిప్పాడు. చుక్కలు నుదుటి మీద నుంచి ముక్కు, పెదవులు, గడ్డం, మెడ మీదుగా జారాయి. రెండో పెద్ద తిప్పాడు. మూడో ఆయన రెండుసార్లు తిప్పాడు. ఏడుగురు ముసలివాళ్లు చిన్నపిల్లల్లా వంతులేసుకున్నారు. ప్రేమ్‌రాజ్ రెప్ప వేయకుండా కూర్చున్నాడు.

అప్పుడు వీడియో పెట్టింది. వైకుంఠం చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"గడ్డం ఈ పిల్లగానిది గాదు," అన్నాడు.

ఎవరు చేశారో ఈనాటికీ తెలియదు. పోలీసులకు కాగితం రాసిచ్చాం. నేను పంపిన మూడు గ్రూపులకూ చుక్కల సంగతి నేనే రాసి పంపాను, కింద "పాడైంది నా కండ్లు" అని చేర్చాను. పోయిన ఆర్డర్లు మెల్లమెల్లగా సగానికి పైగా తిరిగొచ్చాయి.

ఆ రోజు మాత్రం ముష్తాక్ భాయ్ లేచి మూలనున్న గోనెపట్టా తీశాడు. తన కుంపటిలోంచి నిప్పు పటకారుతో పట్టుకుని కొత్త కుంపటిలో వేశాడు.

"వారం రోజులు నీ మొహం చూసి మాట్లాడలే బేటా," అన్నాడు. "చూసి ఉంటే తెలుస్తుండె."

ప్రేమ్‌రాజ్ అప్పుడు కళ్లు ఆర్పాడు. చాలాసార్లు ఆర్పాడు.

మధ్యాహ్నానికి మొదటి జత తయారైంది. తల్లి పుష్పమ్మ వచ్చింది. అతను ఆమె ముందు కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. ఆమె గాజు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాది టూ ఎయిట్. ఇవి టూ ఫోర్. ఎనిమిదేండ్లు గాజులు చేసినోనికి అమ్మ చెయ్యి తెల్వదా?"

వీణ కెమెరా సర్దుకునే నెపంతో గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. అప్పుడే ఆకాశం నల్లబడి వాన మొదలైంది. అలాంటిలాంటి వాన కాదు, గల్లీలో గాజుల డబ్బాలు పడవలైపోయేంత వాన. ప్రేమ్‌రాజ్ గాజులు పట్టుకుని ఆమె పక్కకు వచ్చాడు. ఇద్దరి మీదా చూరు నీళ్లు పడుతున్నాయి.

"నీ బొమ్మలల్ల మూడు వందల పన్నెండు ఖరాబైనయ్," అంది వీణ, వాన వైపు చూస్తూ.

"ఎందుకు?"

"చూపు తప్పినయ్. కెమెరా వైపు చూడుమంటే పక్కకు చూసినవు."

"ఏ పక్కకు?"

"ఎడమకు. రోజూ. ఒక్క మంగళారం తప్ప. తాత కెమెరా పట్టిన నాడు ఒక్కటి గూడ తప్పలే."

"మంగళారం ఎడమకు ఎవలున్నరు చూడనీకె?"

వీణ తల తిప్పింది. "నిన్న పొద్దుగాల దాంక వాటిని ఎర్రర్ అని రాసిన."

"ఇప్పుడేమని రాస్తవు?"

"పేరు పెట్టాలె. ఎర్రర్‌కు గూడ పేరుంటదని ఒకరు చెప్పిండ్రు."

చెయ్యి ముందుకు చాపింది. టూ ఫోర్ సరిగ్గా సరిపోయింది. ఆమె మణికట్టు తిప్పింది. చుక్కలు లేచి అతని నుదుటి మీద పడ్డాయి, ముక్కు మీదుగా దిగాయి, ఎడమ పెదవి మీద ఒకటి ఆగింది, చివరికి గడ్డం చేరాయి. ఒక్క చుక్క కూడా తప్పలేదు.

నీలమ్మ మూడు రోజులు ఏమీ మాట్లాడలేదు. వాళ్లది చర్చి, మాది గుడి. నాలుగోరోజు ప్రేమ్‌రాజ్‌నూ పుష్పమ్మనూ ఇంటికి పిలిచింది. ఒకే ప్రశ్న అడిగింది.

"రేపు నీ మీద గిసొంటి వీడియో మల్లొస్తే మా పిల్ల ఎవల్ని నమ్మాలె? నిన్నా, ఫోన్‌నా?"

"మీ పిల్ల దేన్నీ ఉత్తగ నమ్మదు అత్తమ్మా. చూస్తది. మల్ల చూస్తది. నాకు గట్ల చూసేటోళ్లు చాలు."

"అప్పుడే అత్తమ్మనైన్నా?" అంది నీలమ్మ. కానీ పుష్పమ్మకు చాయ్‌లో చక్కెర ఎంతో అడగడానికి లేచింది. మా ఇంట్లో ఒప్పుకోవడమంటే అదే.

"తాతా," అన్నాడు ప్రేమ్‌రాజ్, "చుట్టాలమవుతున్నం గదా, ఒకటి చెప్పేస్తా. పదో తరగతి మొత్తం నీ బస్సులనే తిరిగిన. మా దోస్తు నందుగాని పాస్ మీద."

"ఏడాదా?"

"ఏడాది. నువ్వు రోజూ పాస్ చూసి 'మంచిగ సదువుకో నందూ' అనేటోనివి."

కాబట్టి మొదట్లో చెప్పిన దొంగ పాసుల సంగతి మీరు మరిచిపోవచ్చు. వాసన సంగతి మీరు మొదలే నమ్మి ఉండరు.

ఇంకొకటి కూడా ఉంది. ఆకాశం నల్లబడి, కుండపోతగా వాన పడుతుంటే, గాజు మీద ఎండ ఎక్కడిది? ఎండ లేకపోతే చుక్కలు ఎక్కడివి? చదువుతూ అక్కడ మీలో ఎవరైనా ఆగారా? ఆగితే మీరు వీణ ఆఫీసులో చేరవచ్చు. ఆ రోజు వాన లేదు. ఒక్క చినుకు లేదు. గల్లీ నిండా ఎండే. ప్రేమకథ కదా, వాన లేకపోతే బాగుండదని నేనే కురిపించాను. మిగతా అంతా జరిగింది.

రుజువు కావాలంటే, ఇప్పుడు నేను ఇది రాస్తున్న గదిలో పొద్దుటి ఎండ పడుతోంది. వీణ ఎదురుగా కూర్చుని, "ఏం రాస్తున్నవు తాతా, నన్ను చూడనియ్" అని గాజుల చెయ్యి ఊపుతోంది. చుక్కలు నా నుదుటి మీద నుంచి దిగుతున్నాయి. అద్దంలో చూసుకున్నాను. గడ్డం దాకా వచ్చాయి.